పూలలో కాపురం పెట్టిన ఈ సాలీడు ఏది?

పెరటితోట, న్యూజెర్సీ:
అందరికీ నమస్కారం. మా కంచె పక్కన గోల్డెన్‌రాడ్ అనే పసుపు పూల మొక్క విరగబూసింది. నిన్న పొద్దున ఒక తేనెటీగ పూలగుత్తికి తలకిందులుగా వేలాడుతోంది. కొమ్మ తట్టినా కదల్లేదు. వంగి చూస్తే దాని మెడ పట్టుకుని బఠానీ గింజంత పసుపు సాలీడు! పొట్టకి రెండు పక్కలా ఎర్రటి చార. గూడు లేదు, దారం లేదు. జూన్‌లో డైజీల మీద అచ్చం ఇలాంటిదే తెల్లగా ఉండేది. రెండూ ఒకటేనా? మా అత్తగారైతే "చీపురు పట్రా" అంటున్నారు.

పురుగులపిచ్చి:
పీత సాలీడండీ. శాస్త్రీయ నామం మిసుమెనా వేషియా. యూరప్‌లోనూ ఉంటుంది. వేటకి వల అల్లదు, ముందు రెండు జతల కాళ్లు బార్లా చాపి పూలలో కూర్చుంటుంది, అంతే. తెలుపూ పసుపూ రెండూ దీని వేషాలే, కానీ ఊసరవెల్లిలా నిమిషాల్లో కాదు. ఒంట్లో పసుపు రంగు తయారవ్వాలి కదా, పది రోజుల పైనే పడుతుంది. మళ్లీ తెల్లబడటం త్వరగానే అవుతుంది. ఈ విద్య ఆడవాటిదే. మగది 3-4 మిల్లీమీటర్లే, పక్కనే ఉన్నా మీ కంటికి ఆనదు.

మిషిగన్ బావ:
మా ఇంట్లో ఇలాంటి సాలీడే మిల్క్‌వీడ్ మొక్క ఆకు కొస మడిచి, దారంతో కుట్టి, లోపల గుడ్లు పెట్టింది. రోజూ వెళ్లి చూసేవాణ్ణి, పైనే కాపలా. మనుషుల జోలికి రాదు, అత్తగారికి చెప్పండి.

పెరటితోట, న్యూజెర్సీ:
చెప్పాను. "పాపం తేనెటీగ" అన్నారు. చీపురు మాత్రం గరాజ్‌లో దాచేశాను.