తనంతట తాను అతుక్కునే సెన్సర్ తొడుగు బధిరుల సంజ్ఞలను చదవగలదా?

శ్రీకాకుళం, ఇంజనీరింగ్ విద్యార్థి:
కోత పడినా తనంతట తానే అతుక్కునే, బ్యాటరీ లేకుండా వేళ్ల కదలిక నుంచే సంకేతం పుట్టించే సెన్సర్లను చేతి తొడుగుకు అమర్చి, బధిరుల సంజ్ఞలను తెలుగు మాటలుగా వినిపించాలన్నది మా చివరి సంవత్సరపు ప్రాజెక్టు. ఇందుకు ఫోన్ కెమెరా చాలునని మా బృందంలోనే కొందరు వాదిస్తున్నారు. చీకట్లో కెమెరా తడబడుతుంది గనుక తొడుగే మేలని నా అభిప్రాయం.

రాజాం, ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు:
ముందుగా "బ్యాటరీ లేకుండా" అన్న మాటను సరిచేసుకోవాలి. మీ సెన్సర్లకు ఆధారమైన, 2012లో శాస్త్రవేత్త జోంగ్ లిన్ వాంగ్ బృందం వెలువరించిన ట్రైబోఎలక్ట్రిక్ నానోజనరేటర్ (తాకిడి నుంచి విద్యుత్తు పుట్టించే సాధనం) పద్ధతిలో, రెండు వేర్వేరు పదార్థాలు తాకినప్పుడు వాటి ఉపరితలాలపై విద్యుదావేశం ఏర్పడి, వాటి మధ్య ఎడం మారుతున్నంతసేపు ఎలక్ట్రోడ్ల మధ్య విద్యుత్తు ప్రవహిస్తుంది; వోల్టేజి పదుల్లో, ఒక్కోసారి వందల్లో ఉన్నా కరెంటు సాధారణంగా మైక్రోఆంపియర్లలోనే ఉంటుంది. సెన్సర్ తన సంకేతాన్ని తానే పుట్టించుకుంటుంది గాని, దానిని చదివే చిప్‌కూ, ఫోనుకు పంపే బ్లూటూత్‌కూ బ్యాటరీ కావలసిందే. అంతకన్నా పెద్ద చిక్కు, వేలు కదిలినప్పుడే సంకేతం రావడం. వంచిన వేలిని అలాగే నిలిపి ఉంచితే ఆ సంకేతం క్షీణించిపోతుంది, సంజ్ఞల్లోనేమో నిలిపి చూపే చేతి ఆకారాలు ఎన్నో ఉన్నాయి. పైగా గాలిలోని తేమ ఉపరితల ఆవేశాన్ని హరిస్తుంది కాబట్టి, ఏసీ గదిలో వచ్చిన ఫలితాన్ని కళింగపట్నం సముద్రపు ఒడ్డున మరోసారి తీసి చూడండి. ఇక అతుక్కునే గుణం సంగతి: అందుకు వాడే పాలీవినైల్ ఆల్కహాల్, బోరాక్స్ కలిపిన జెల్‌లో తెగిన బంధాలు మళ్లీ కలుస్తాయన్నది నిజమే. అయితే నీరు ఆరితే ఆ గుణం తగ్గుతుంది. ఆరకుండా పైన మామూలు సిలికోన్ పొర వేస్తే, తెగినప్పుడు ఆ పొర అతుక్కోదు.

విజయనగరం, వినికిడి లేని అమ్మాయికి తల్లి:
భారతీయ సంజ్ఞా భాషలో అడుగుతున్నామా, చెబుతున్నామా అన్నది చాలావరకు కనుబొమలూ, తల కదలికా తెలియజేస్తాయి. అక్షరాలు చాలావాటికి రెండు చేతులూ కావాలి. ముఖాన్ని చదవని తొడుగు మా అమ్మాయి మాటలో సగం పారవేసి, మిగిలిన సగాన్ని ఆమె మాటగా వినిపిస్తుంది. మొదలుపెట్టే ముందు బధిరులను ఒక్కరినైనా అడిగారా, బాబూ? ఎదుటివారు నాలుగు సంజ్ఞలు నేర్చుకునే శ్రమ తీసుకోకుండా, యంత్రం మోసే భారం కూడా ఆమె మీదనే వేయడం నాకు న్యాయంగా తోచడం లేదు.

శ్రీకాకుళం, ఇంజనీరింగ్ విద్యార్థి:
అడగలేదమ్మా, అది మా తప్పే. అయినా ఆరు నెలలుగా చేసిన సెన్సర్లను పక్కన పెట్టడానికి మనసు ఒప్పడం లేదు.

రాజాం, ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు:
పక్కన పెట్టనవసరం లేదు. ఆ తల్లిగారు చెప్పినదే సరైనది. భాషను వదిలి వ్యాయామానికి రండి. పక్షవాతం వచ్చినవారు ఇంటి దగ్గర వేళ్లను ఎన్నిసార్లు వంచి చాపారో లెక్కించడానికి కదలిక ఒక్కటి తెలిస్తే చాలు గనుక, అక్కడ ఈ సెన్సర్ లోపం అడ్డు కాదు. కాకపోతే బిగిసిన పిడికిలికి తొడుగు ఎక్కదు. కీలు మీద అంటించుకునే పట్టీగా మార్చి, ముందుగా ఒక ఫిజియోథెరపిస్టుకు చూపించండి.