ట్రెండ్ బలంగా ఉన్నప్పుడు ఆర్‌ఎస్‌ఐని ఎంతవరకు నమ్మొచ్చు?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, గాజువాక. మా తమ్ముడు జీతంలో మిగిల్చిన డబ్బుతో ఈమధ్యే షేర్లు మొదలుపెట్టాడు. ఆర్‌ఎస్‌ఐ (షేరు ధర ఈమధ్య ఎంత జోరుగా పెరిగిందో, పడిందో 0 నుంచి 100 లోపు అంకెతో చూపే సూచిక) 70 దాటితే అమ్మెయ్, 30 కిందికొస్తే కొను అని వాడికెవరో చెప్పారట. కానీ షేరు గట్టిగా పెరుగుతున్నప్పుడు ఆర్‌ఎస్‌ఐ చాలా రోజులు 70 పైనే ఉండిపోతుంది కదా! అక్కడే అమ్మేస్తే అసలు లాభం చేజారినట్టే. పడుతున్న షేరు విషయంలో ఇంకా భయం: 30 కిందికొచ్చాక కూడా పడుతూనే ఉంటుంది.

ఏడీఎక్స్ (ట్రెండ్ ఎంత బలంగా ఉందో చూపే సూచిక) 25 దాటితే ఆర్‌ఎస్‌ఐ సిగ్నల్ పట్టించుకోవద్దని చెబుదామనుకుంటున్నాను. అయితే ఏడీఎక్స్ కూడా పాత ధరల నుంచి లెక్కగట్టేదే, ఆలస్యంగా కదులుతుంది. ఎంఏసీడీ (ధరల సగటుల మధ్య తేడా చూపే ఇంకో సూచిక) కలిపినా, అదీ పాత ధరల నుంచి వచ్చేదే కాబట్టి, అదే సాక్షిని మళ్లీ పిలిచినట్టు కాదా? దానికన్నా వాల్యూమ్ (ఎన్ని షేర్లు చేతులు మారాయో) చూడటం మేలా? డెలివరీ ట్రేడ్లలో (కొన్న షేర్లను అదే రోజు అమ్మకుండా ఉంచుకునేవి) వీటిని వాడేవాళ్లు దయచేసి చెప్పండి. స్టాప్‌లాస్ (నష్టం ఇంకా పెరగకుండా అమ్మేయడానికి ముందే పెట్టుకునే ధర) ఎక్కడ పెడతారో కూడా.