అప్‌డేట్: ఎల్‌ఈడీ గోడ షాట్లలో గీతల సమస్య తీరింది

వెనక దృశ్యాన్ని చూపించే పెద్ద ఎల్‌ఈడీ తెరల గోడ ముందు షూటింగ్ చేస్తే అలల్లా గీతలు వస్తున్నాయని, పాన్ చేస్తే (కెమెరాను పక్కకు తిప్పితే) వెనక దృశ్యం ఆలస్యంగా కదులుతోందని అడిగాను కదా. మీరన్నట్టే గీతలు మోయిరే (రెండు సన్నని వరుసలు ఒకదానిపై ఒకటి పడితే వచ్చే అలల నమూనా) వల్లే. ఫోకస్ గోడ మీద పడితే ఎల్‌ఈడీ చుక్కల వరుసలు, సెన్సర్ పిక్సెళ్లు కలిసి అలా కనిపిస్తాయి. నటుణ్ణి, కెమెరాను గోడకు దూరం జరిపి, లెన్స్ బాగా తెరిచి, గోడ మసకగా ఉండేలా ఫోకస్ ముఖం మీదే ఉంచాం. ఇప్పుడు గోడ మీది సూర్యాస్తమయం అతని కళ్లలో మెరుస్తోంది. గ్రీన్ స్క్రీన్ ముందు ఇలాంటి వెలుగు దొరకదు, నాకు ఈ పని నచ్చేది అందుకే!

ఆలస్యం పూర్తిగా పోదు. గోడ మీది దృశ్యాన్ని అప్పటికప్పుడు గీసే అన్‌రియల్ ఇంజిన్ సాఫ్ట్‌వేర్‌లో సీన్ బరువు తగ్గించి, ఇన్నర్ ఫ్రస్టమ్‌ను (గోడ మీద కెమెరాకు కనిపించే భాగాన్ని) కాస్త వెడల్పు చేశాం. పాన్ నెమ్మదిగా చేస్తే ఆ భాగం అంచులు ఫ్రేమ్‌లోకి రావడం లేదు. వేగమైన పాన్‌లను మాత్రం ప్రీవిజ్‌లోనే (షూటింగ్‌కు ముందు కంప్యూటర్‌లో షాట్లు వేసుకునే దశలోనే) మార్చేస్తున్నాను. అందరికీ థ్యాంక్స్.