పౌరసత్వ ఇంటర్వ్యూ అయింది, నిర్ణయం రాలేదు. ఏం చేయాలి?

ప్రశ్న (తిరుపతి): డాలస్‌లో మా అబ్బాయి ఎన్-400 (అమెరికా పౌరసత్వ దరఖాస్తు) ఇంటర్వ్యూ అయి ఐదు నెలలు. పరీక్ష పాసే, ఫలితం పెండింగ్. అది తేలితేగానీ మా ఇద్దరి గ్రీన్‌కార్డు పిటిషన్ వేయలేడు. దారేంటి?

జవాబు: ముందు ఎన్-652 చూడమనండి సార్, ఇంటర్వ్యూ రోజు చేతికిచ్చే కాగితం అది. అదనపు పత్రాలు అడిగుంటే ఆలస్యం అక్కడే. ఏమీ అడగలేదంటే, ఇంటర్వ్యూ నుంచి 120 రోజులు దాటాయి కాబట్టి అమెరికా చట్టంలోని 1447(బి) సెక్షన్ కింద ఫెడరల్ జిల్లా కోర్టుకెళ్లొచ్చు. కోర్టే తేల్చొచ్చు, లేదా తగిన సూచనలతో వెనక్కి పంపొచ్చు.

జవాబు: కోర్టంటే లాయర్ ఖర్చు. అంతకుముందు అక్కడి కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సభ్యుడి ఆఫీసుకు మీవాడు ప్రైవసీ రిలీజ్ ఫారం, అంటే తన కేసు వివరాలు చూసేందుకు అనుమతి పత్రం, సంతకం చేసి పంపితే వాళ్లు ఇమ్మిగ్రేషన్ శాఖను ఆరా తీస్తారు, పైసా పడదు.

జవాబు: ఈలోగా కాగితాలు చూసుకోండన్నా. వదినకైతే తల్లి పేరున్న కొడుకు బర్త్ సర్టిఫికెట్ కావాలి. మీకైతే తల్లిదండ్రులిద్దరి పేర్లున్న బర్త్ సర్టిఫికెట్, దాంతోపాటు మీ పెళ్లి సర్టిఫికెట్ కూడా. పెళ్లి సర్టిఫికెట్ లేకుంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి. పోలీస్ క్లియరెన్స్‌కు ఇప్పుడే తొందరొద్దు, అది వీసా దశలో.