పుచ్చ పిందెలు రాలుతున్నాయి, తేనెటీగల పెట్టెలు ఎప్పుడు పెట్టాలి?

అర ఎకరంలో బెంగళూరు ఐఐహెచ్‌ఆర్ (ఉద్యాన పంటల పరిశోధన సంస్థ) వాళ్ల అర్కా మాణిక్ రకం పుచ్చ వేశాను. విత్తి 48 రోజులైంది. ఆడపూలు బాగానే వస్తున్నాయి, కానీ పిందె గోలీ అంత అయ్యాక పసుపు రంగుకు తిరిగి, తొడిమ దగ్గర మెత్తబడి రాలిపోతోంది.

బోరాన్ లీటరుకు 1 గ్రాము చొప్పున రెండుసార్లు కొట్టాను, డ్రిప్ నీళ్లు తగ్గించాను. తేడా లేదు. నిన్న ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా తోటలోనే కూర్చుంటే మూడంటే మూడే తేనెటీగలు కనిపించాయి. మగపువ్వు రేకులు తీసి చేత్తో రుద్దిన 20 ఆడపూలలో 13 నిలిచాయి. అందుకే లోపం పరాగ సంపర్కంలోనే అనుకుంటున్నా. తోటంతా రోజూ చేత్తో చేయడం మా ఇద్దరి వల్ల కావడం లేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

పక్క మిర్చి తోటలో నాలుగు రోజుల క్రితం ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొట్టారు. ఇకపై సాయంత్రమే కొడతామన్నారు, పాపం మంచివాళ్లు. పెట్టెలు అద్దెకు దొరుకుతున్నాయి. ఆ మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి పెట్టెలు పెడితే ఈగలు చచ్చిపోకుండా ఉంటాయి?