సమస్యాపూరణం: మాడినన్నమె విందుకు మకుట మయ్యె

నిర్వాహకుడు:

ఈ వారం సమస్య తేటగీతి పాదం. ఈ దత్తపాదం (ఇచ్చిన పాదం) చివర వచ్చేలా, ముందు మూడు పాదాలు మీరు కూర్చాలి.

మాడినన్నమె విందుకు మకుట మయ్యె

మన సభ్యుల్లో పలువురు దూరదేశాల్లో ఉంటున్నారు గనుక ఈసారి ఒక నియమం పెడుతున్నాను. మీ ఊరి పారశీక భోజనశాలలో గాని, మలేషియా భోజనశాలలో గాని మీరు తిన్న విందే పూరణకు విషయం కావాలి. మాడిన అన్నం విందుకు కిరీటం కావడం లోకవిరుద్ధం. ఆ విరోధాన్ని కవి మాటకారితనం కాక వంటకమే పరిహరించాలి. తినని వంటకాన్ని వర్ణించకండి, తెలిసిపోతుంది.

లాస్ ఏంజెలెస్ సభ్యురాలు:

తే.గీ.
పారసీకుల శాలలో బంధువులకు
కుంకుమపువుల రంగుతోఁ గుండయడుగు
నేతిలో వేగి కరకర నిగ్గుదేరి
మాడినన్నమె విందుకు మకుట మయ్యె

గురువుగారూ, 1979 విప్లవం తరువాత ఇరాన్ నుండి వచ్చినవారు మా ఊళ్లో పెద్దసంఖ్యలో స్థిరపడ్డారు. వెస్ట్‌వుడ్ బులెవార్డు మీద వారి భోజనశాలలు వరుసగా ఉంటాయి. అక్కడ తహ్‌దీగ్ అనే అడుగు అన్నాన్ని పెంకుల్లా విరిచి, పైన ఘోర్మె సబ్జీ పోసి తెస్తారు. ఆకుకూరలు, రాజ్మా, మాంసం, ఎండునిమ్మకాయలు వేసి చాలాసేపు ఉడికించిన పులుసు అది. మాంసం తినని మా బంధువులు మాత్రం దోసకాయ ముక్కలు కలిపిన పెరుగుతోనే ఆ పెంకులన్నీ పూర్తి చేశారు.

నిర్వాహకుడు:

అమ్మా, గణాలూ యతులూ (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరవలసిన అక్షరమైత్రి) నిర్దుష్టంగా ఉన్నాయి. మూడవ పాదం చదువుతుంటేనే పళ్ల కింద చప్పుడు వినిపిస్తున్నది. అయితే ‘కుండయడుగు నేతిలో వేగి’ అన్నప్పుడు వేగినది కుండా, అన్నమా అన్న సందేహం వస్తున్నది. ‘కుంకుమపువుల రంగుతోఁ గుండలోన’ అంటే అన్వయం సాఫీ అవుతుంది. ‘నేతిలో’ అన్నది తెలుగువారి అతిశయోక్తి అని ఎవరైనా అంటారేమో గాని, భోజనశాలల్లో నూనె, వెన్న వాడకం ఎక్కువైనా కెర్మాన్‌షా ప్రాంతపు నేతికి ఇరాన్‌లో మంచి పేరే ఉన్నది.

నా అసలు అభ్యంతరం వేరు. తహ్‌దీగ్ మాడిన అన్నమేనా? బియ్యాన్ని ఉప్పునీళ్లలో నానబెట్టి, సగం ఉడికించి, వార్చి, అడుగున నూనె, కుంకుమపువ్వు నీళ్లు వేసిన గిన్నెలో గోపురంలా పోస్తారు. మూతకు గుడ్డ చుట్టి సన్నని సెగ మీద ఉంచుతారు. ఆవిరిని గుడ్డ పీల్చుకొంటుంది గనుక మూత మీది నీరు తిరిగి అన్నంలో పడదు. పైన మెతుకు మెతుకూ విడివడుతుంది, అడుగున పొర బంగారు రంగుకు వస్తుంది. ఆ రంగు దాటి నల్లబడితే ఇరానీ గృహిణి దాన్ని అతిథి ముందు పెట్టదు. అంటే మీ పద్యం బాగున్నదే గాని, సమస్యలోని ‘మాడిన’ ఇంకా అలాగే నిలిచి ఉన్నది.

హైదరాబాదు సభ్యుడు:

తే.గీ.
వంటవాడు నిదురబోవఁ బళ్ళెరమున
మాడు వాసన యాకలి మరులు గొలుప
అతిథులందఱు మెచ్చుచు తినిరి గాన
మాడినన్నమె విందుకు మకుట మయ్యె

నిర్వాహకుడు:

మూడవ పాదంలో యతి తప్పింది. ‘అతిథులందఱు మెచ్చుచు నారగింప’ అంటే యతి కుదరడమే కాక నాలుగవ పాదంతో అన్వయం కూడా బిగుస్తుంది. కాని ఆర్యా, ఇది నియమానికి లోబడిన పూరణ కాదు. వంటవాడు నిద్రపోతే ఏ దేశపు అన్నమైనా మాడుతుంది. ఇందులో ఇరానూ లేదు, మలేషియా కూడా లేదు. మీ ఊళ్లో ఇరానీ హోటలంటే చాయ్, ఉస్మానియా బిస్కెట్టు ముందు గుర్తుకువస్తాయి గనుక మీ ఇబ్బందిని అర్థం చేసుకోగలను.

కౌలాలంపూరు సభ్యుడు:

తే.గీ.
మట్టికుండను బొగ్గుల మంటమీద
కోడి నెండు చేపలతోడఁ గూర్చి వండ
నల్లసోయా రసమ్ములో నాని యంచు
మాడినన్నమె విందుకు మకుట మయ్యె

ఇది మా దగ్గర చైనీయుల భోజనశాలల్లో దొరికే మట్టికుండ అన్నం. బొగ్గుల పొయ్యిలు వరుసగా పేర్చి, ఒక్కొక్కరికి ఒక్కొక్క చిన్న కుండ ఎక్కిస్తారు. తొందరపడేవారు అక్కడికి వెళ్లకపోవడమే మంచిది, ఎందుకంటే అన్నం అప్పటికప్పుడు ఆ కుండలోనే ఉడకాలి. కుండ బల్ల మీదికి వచ్చాక నల్ల సోయా రసాన్ని అన్నంలో కలియబెడతాము. ఉప్పు చేప ముక్కలు కొంచెమే వేసినా కుండంతటికీ వాసన పట్టిస్తాయి. చివరికి అడుగున, అంచున అంటుకొన్న పొరను చెంచాతో గీరి తినడం కోసమే కొందరు పై అన్నాన్ని త్వరగా ముగిస్తారు. ఆ పొర నిజంగానే అక్కడక్కడ నల్లగా మాడి, కొద్దిపాటి చేదుతో ఉంటుంది.

నిర్వాహకుడు:

ఇక్కడ సమస్య పూర్తిగా పరిష్కారమైంది. ‘అంచు’ను మూడవ పాదం చివర నిలిపి, ‘మాడినన్నమె’ను దానికి ముడివేసిన విరుపు చాలా నేర్పుగా ఉన్నది. దత్తపాదంలోని పదాన్ని సాగదీయలేదు, దానికి కొత్త అర్థమూ కల్పించలేదు. ఆ కుండలో అన్నం నిజంగానే మాడుతుంది, ఆ మాడు చేదే తీపి కలిసిన సోయా రసానికి విరుగుడుగా పనిచేస్తుంది. రెండవ పాదంలో ‘తోడఁ గూర్చి’ వద్ద సరళాదేశం (‘కూర్చి’లోని క, గ కావడం) పాటించినందుకు ప్రత్యేకంగా అభినందిస్తున్నాను. ఈమధ్య అరసున్న ఎవరికీ పట్టడం లేదు.

మెల్‌బోర్న్ సభ్యురాలు:

తే.గీ.
కొబ్బెరల పాల నుడికించి గుమ్మనంగ
అరటియాకున సంబలు నమర జుట్టి
వేరుసెనగలు చిఱుచేప వేసి యిడగ
మాడినన్నమె విందుకు మకుట మయ్యె

నిర్వాహకుడు:

కొబ్బరిపాల అన్నం నాసి లెమాక్‌ను, సంబల్ అనే మిరప పచ్చడితో సహా, మూడు పాదాల్లో పొట్లం కట్టేశారు. పద్యం చక్కగా నడిచింది గాని, ఇందులో మాడినది ఏదమ్మా? కొబ్బరిపాల అన్నాన్ని అడుగంటనిస్తే ఆ వంట చెడినట్లే. నాసి లెమాక్, రోటీ చనాయ్ (పొరల రొట్టె), తెహ్ తారిక్ (నురగ పాలటీ) కలిసిన మలేషియా ఉదయపు ఫలహార సంప్రదాయం 2024లో యునెస్కో జాబితాలో చేరింది గనుక వర్ణనకు విషయం గొప్పదే. దీన్ని స్వేచ్ఛాపద్యంగా మార్చి, నాలుగవ పాదం మీరే రాసుకోండి.

సిడ్నీ సభ్యుడు:

తే.గీ.
ఇంటిలో మాడినన్నము నెత్తి పోసి
వీథి చివర నిరానీయ విందుశాల
నడిగి పైకమ్ము చెల్లించి యదియె తినగ
మాడినన్నమె విందుకు మకుట మయ్యె

నిర్వాహకుడు:

హాస్యం పండింది. మొదటి పాదంలోనే ‘మాడినన్నము’ వాడి, దాన్ని నాలుగవ పాదంలో ఎదురు నిలపడం సొగసుగా ఉన్నది. ‘అదియె’ అన్నదాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. ఇంట్లో మాడినది నీరు చాలక అడుగంటిన అన్నం. అక్కడ మీరు డబ్బు పెట్టి తిన్నది గంజి వార్చిన అన్నం కొవ్వులో నింపాదిగా వేగగా ఏర్పడిన పొర. ఒక కుండకు ఒక్క పొరే వస్తుంది గనుక, ఆలస్యంగా వెళ్లినవారికి అయిపోయిందని చెప్పే భోజనశాలలూ ఉన్నాయి.

సిడ్నీ సభ్యుడు:

గురువుగారూ, పద్యంలో మాట్లాడుతున్నది వంట తెలియని భర్త. అతని కంటికి రెండూ ఒకటే. ఆ అజ్ఞానమే హాస్యం.

నిర్వాహకుడు:

ఆ భర్త ఎవరో పద్యంలో కనబడితే మీ వాదం నిలుస్తుంది. వ్యాఖ్యానంలో వచ్చిన పాత్రకు మార్కులు వేయలేను.

లాస్ ఏంజెలెస్ సభ్యురాలు:

మీరు చెప్పిన అభ్యంతరాన్ని ఆలోచించి మళ్లీ ప్రయత్నించాను. ‘మాడిన’ అన్న మాటను నా నోట కాక, చూసినవారి నోట పెట్టాను.

తే.గీ.
అమ్మ చూచి మాడె నటంచు నలుకబూనఁ
గూర పైపోసి రుచిచూపఁ గోరి కోరి
మరల నడిగిన దామెయే, మాకు నపుడు
మాడినన్నమె విందుకు మకుట మయ్యె

నిర్వాహకుడు:

ఇప్పుడు సమస్య విడిపోయింది. మొదటి పద్యంలో వర్ణన ఉన్నది, ఇందులో కథ ఉన్నది. మాడిందన్నది అమ్మగారి మాట గనుక తహ్‌దీగ్ బంగారు రంగుకు భంగం లేదు, దత్తపాదానికీ లోటు లేదు. ‘కోరి కోరి మరల నడిగిన దామెయే’ అన్న చోట వాక్యం ఒక పాదం నుండి మరొక పాదానికి ఒరిగి, మూడవ పాదం నడుమ ఆగడం ఎంతో సహజంగా ఉన్నది. సిడ్నీ సభ్యుడు ఈ పద్యాన్ని ఒకసారి గమనించాలని కోరుతున్నాను. పొరబడిన వ్యక్తిని పద్యంలోకే తీసుకురావడం అంటే ఇదే.

మట్టికుండ పూరణ, ఈ రెండవ పూరణ ఈ వారానికి ఉత్తమమైనవి. రెండింటిలో ఒకటి ఎంచమంటే నా ఓటు మట్టికుండకే, ఎందుకంటే అక్కడ మాడు ఎవరి భ్రమా కాదు. నా ఎంపికతో ఏకీభవించనివారు కారణం పద్యంలోనే చెప్పాలి.

వచ్చే వారానికి ఆటవెలది పాదం ఇస్తున్నాను. నియమం ఇదే. దారి తోచనివారు మలేషియాలోని కెలంతాన్ రాష్ట్రపు వంటల వైపు చూడవచ్చు.

విషపు రంగు బువ్వ విందు చేసె