కోల్ట్ 1911: పాత సిరీస్ 70 తీసుకోవాలా, సిరీస్ 80 తీసుకోవాలా?

పాత_ఇనుము: టార్గెట్ షూటింగ్‌కి .45 గవర్నమెంట్ మోడల్ (పూర్తి సైజు కోల్ట్ 1911 పిస్టల్) చూస్తున్నాను. రెండూ వాడినవే: 1970ల నాటి అసలు సిరీస్ 70 ఒకటి, సిరీస్ 80 ఒకటి. 80లో అదనపు భాగాల వల్ల ట్రిగ్గర్ లాగుడు చెడుతుందంటారు, నిజమేనా? కొనేముందు ఏం చూసుకోవాలి?

స్లయిడ్_మేస్త్రి: ఆ మాట సగమే నిజమండి. 1983లో వచ్చిన 80లో, కిందపడినా పేలకుండా కొత్తగా చేరింది స్లయిడ్‌లో (పైన ముందుకూ వెనక్కీ జారే భాగం) ఒక ప్లంజర్ (అడ్డంగా నిలిచే చిన్న మేకు), దాని స్ప్రింగు, ఫ్రేములో (పిడి ఉండే కింది భాగం) రెండు లీవర్లు. ట్రిగ్గర్ నొక్కినప్పుడు లీవర్లు ప్లంజర్‌ను పైకి లేపితేనే ఫైరింగ్ పిన్‌కు (తూటా వెనక కొట్టి పేల్చే సూది) దారి దొరుకుతుంది. వేలికి తగిలేది మొదటి వదులు కదలికలో కాస్త గరుకు, అంతే. ట్రిగ్గర్ బరువుగా ఉందంటే ముందు హ్యామర్ (ఫైరింగ్ పిన్‌ను కొట్టే సుత్తి), దాన్ని ఆపి ఉంచే సియర్, ఈ రెండింటి అంచులు, సియర్ స్ప్రింగు చూడాలి.

80ని పరీక్షించాలంటే మ్యాగజీన్ తీసి, ఛాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) ఖాళీ అని కంటితో చూసి, స్లయిడ్ ఊడదీయండి. వెనక నుంచి పంచ్‌తో ఫైరింగ్ పిన్ నొక్కితే మొన బయటికి రాకూడదు. ప్లంజర్‌ను అదిమిపట్టి నొక్కితే రావాలి. పిన్ ఒంటిమీద కొత్త గాట్లుంటే లీవర్లు ప్లంజర్‌ను పూర్తిగా లేపడం లేదన్నమాట. చాలాసార్లు దీనికి కారణం ట్రిగ్గర్‌లోని ఓవర్‌ట్రావెల్ స్క్రూ (ట్రిగ్గర్ ఎంత వెనక్కి రావాలో ఆపే స్క్రూ): మరీ బిగిస్తే ట్రిగ్గర్ చివరిదాకా వెనక్కి రాదు, పిన్ వెళ్లి ప్లంజర్‌ను గుద్దుకుంటుంది, ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే బిళ్ల) మీద దెబ్బ తేలికగా పడుతుంది.

బుషింగ్45: 70 వైపు చూడాల్సింది బ్యారెల్ బుషింగ్ (స్లయిడ్ ముందు భాగంలో బ్యారెల్‌ను పట్టి ఉంచే ఉంగరం). ఆనాటి గవర్నమెంట్ మోడల్‌లో అది ఘనమైనది కాదు, వేళ్లలా చీలి బ్యారెల్‌ను పట్టుకునే రకం. ఒక వేలు విరిగితే స్లయిడ్ బిగుసుకుపోతుంది. వేళ్ల మొదట్లో సన్నని చీలిక ఉందేమో భూతద్దంతో చూడండి. ఘన బుషింగ్ వేసుకోవచ్చు గానీ బ్యారెల్‌కు సరిపడేలా కూర్చాలి. తర్వాత మళ్లీ చేసిన సిరీస్ 70లకు ఈ బెడద లేదు.

ఇంకోటి: 70లో ఫైరింగ్ పిన్‌ను ఆపేది దాని స్ప్రింగు ఒక్కటే. పిస్టల్ మూతి కిందికి ఉండేలా పడితే పిన్ తన బరువుతోనే ముందుకు దూకవచ్చు. కొన్న రోజే కొత్త స్ప్రింగు వేయండి.

పాత_ఇనుము: 80ని పూర్తిగా విప్పడం కష్టమా? లీవర్లు తీసేస్తే సరిపోదా?

స్లయిడ్_మేస్త్రి: వరస తెలిస్తే కష్టమేం కాదు. ప్లంజర్‌ను అదిమితేనే ఫైరింగ్ పిన్ లోపలికి దిగి స్టాప్ ప్లేట్ (దాన్ని వెనక నుంచి ఆపే రేకు) జారుతుంది. ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ తూటాను బయటికి లాగే కొక్కెం; ప్లంజర్‌ను ఆపి ఉంచేదీ ఇదే) లాగేటప్పుడు ప్లంజర్ మీద వేలు ఉంచండి, లేదంటే ఎగిరి సోఫా కింద తేలుతుంది. బిగించేటప్పుడు ముందు ప్లంజర్, అదిమిపట్టి ఎక్స్‌ట్రాక్టర్, దాని గాడిలో ప్లంజర్ చిక్కాక ఫైరింగ్ పిన్. ఆ గాడి లేని 70 ఎక్స్‌ట్రాక్టర్ ఇందులో పనికిరాదు. స్టాప్ ప్లేట్ వదులైతే ఎక్స్‌ట్రాక్టర్ పక్కకు తిరిగి ప్లంజర్‌ను పట్టేస్తుంది, బిగువైన ప్లేటు వేయాలి.

లీవర్లు తీయొద్దు. ప్లంజర్ స్లయిడ్‌లో ఉండగా లీవర్లు లేకపోతే పిన్‌కు దారే ఉండదు, పిస్టల్ పేలదు. ప్లంజర్ కూడా తీస్తే పడినప్పుడు కాపాడే ఏర్పాటే పోతుంది. అది అక్కర్లేదనుకుంటే, బుషింగ్ చూసుకుని 70నే తీసుకోండి.